పాఠకుల ప్రశ్నలు: క్లోమం, చిట్టెలుక, క్యాన్సర్

పోయిన సంచికలో జన్యుమార్పిడి చిట్టెలుకల మీద ఒక పేజీ రాస్తే, అందులో క్లోమం గురించి రాసిన నాలుగు వాక్యాల మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొన్ని మంచి ప్రశ్నలు, కొన్ని కాస్త కోపంగా రాసినవి, పర్లేదు. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేసి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: శరీరంలో ఏ కణం తీసుకున్నా డీఎన్ఏ ఒకటే అని స్కూల్లో చెప్పారు. మరి క్లోమంలో ఒక కణం ఇన్సులిన్ చేస్తుంటే, దాని పక్కదే తిన్నది అరిగించే ఎంజైములు చేస్తుంది. ఎవరు ఏం చెయ్యాలో చెప్పేదెవరు? అసలు అది ఎలా కనిపెట్టారు?

జవాబు: ముందు క్లోమం సంగతి చూద్దాం. షుగర్ జబ్బు పుణ్యమా అని క్లోమం అనగానే మనకు ఇన్సులినే గుర్తొస్తుంది గానీ, ఇన్సులిన్ చేసే బీటా కణాలుండే లాంగర్‌హాన్స్ పుటికలు (చిన్న చిన్న కణాల గుంపులు) మొత్తం గ్రంథిలో ఒకటి రెండు శాతమే. మిగిలినదాంట్లో సింహభాగం ఎసినార్ కణాలది. ట్రిప్సిన్, అమైలేజ్, ఎలాస్టేజ్ లాంటి జీర్ణ ఎంజైములు చేసేవి ఇవే, రోజంతా అదే పని. ఆ రసాన్ని పేగులోకి తీసుకెళ్లే నాళాల గోడల్లో ఉండేవి మూడో రకం.

డీఎన్ఏ అన్నిట్లోనూ ఒకటే, అందులో తేడా లేదు. కానీ ప్రతి జన్యువు ముందూ, చాలాసార్లు కాస్త దూరంగా కూడా, ప్రోటీన్ తయారీతో నేరుగా సంబంధం లేని డీఎన్ఏ ముక్కలు కొన్ని ఉంటాయి. వీటినే ప్రమోటర్ అనీ ఎన్‌హాన్సర్ అనీ అంటారు. వాటి మీద కూర్చోవాల్సిన ప్రోటీన్లు ఏ కణంలో ఉంటే ఆ కణంలో జన్యువు పనిచేస్తుంది, లేనిచోట ఊరికే పడి ఉంటుంది.

ఇది బతికున్న జంతువులో తేలింది 1980లలో. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ బ్రిన్‌స్టర్, సియాటిల్‌లో రిచర్డ్ పామిటర్ కలిసి చిట్టెలుక పిండంలోకి బయటి జన్యువును ఎక్కించే పద్ధతిని గాడిలో పెట్టారు. అప్పుడే ఫలదీకరణం చెందిన అండాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, సన్నటి గాజు పిప్పెట్‌తో ఒకవైపు పీల్చి పట్టుకుని, రెండోవైపు నుంచి ఇంకా సన్నటి సూదిని అండంలోని కేంద్రకం దాకా గుచ్చి, అందులోకి డీఎన్ఏ ద్రవం రవ్వంత వదులుతారు. కేంద్రకం కొద్దిగా ఉబ్బినట్టు కనిపిస్తే పని జరిగినట్టు. ఆ అండాన్ని సరోగేట్ తల్లి చిట్టెలుకలో పెడతారు. పుట్టిన పిల్లల్లో కొన్నిటికి మాత్రమే ఆ జన్యువు అంటుకుంటుంది, అది కూడా డీఎన్ఏలో ఎక్కడ పడితే అక్కడ.

గాల్విన్ స్విఫ్ట్, రాబర్ట్ హామర్, రేమండ్ మెక్‌డొనాల్డ్, బ్రిన్‌స్టర్ కలిసి 1984లో ఎలుక ఎలాస్టేజ్ జన్యువును ఇలాగే చిట్టెలుకల్లోకి ఎక్కించారు. అది డీఎన్ఏలో ఎక్కడ పడినా, పనిచేసింది మాత్రం ప్రధానంగా క్లోమంలోనే. మరుసటి ఏడాది ఇంకో అడుగు వేశారు. ఎలాస్టేజ్ జన్యువును పక్కన పెట్టేసి, దాని ముందున్న 213 అక్షరాల డీఎన్ఏ ముక్కను మాత్రం తీసుకుని, మనిషి గ్రోత్ హార్మోన్ జన్యువుకు అతికించి ఎక్కించారు. గ్రోత్ హార్మోన్ మామూలుగా పిట్యూటరీ గ్రంథిలో తయారయ్యేది, దానికి క్లోమంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ చిట్టెలుకల ఎసినార్ కణాల్లో గ్రోత్ హార్మోన్ కనిపించింది, పక్కనే ఉన్న పుటికల్లో కనిపించలేదు! ఏ కణంలో పనిచెయ్యాలన్న సమాచారమంతా ఆ 213 అక్షరాల్లోనే ఉందన్నమాట. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా అందమైన ప్రయోగం ఇదే.

ఆ ముక్కను ఇంకా విడదీస్తే అందులో ఏ, బీ, సీ అని మూడు చిన్న భాగాలు తేలాయి. ఏ మీద పీటీఎఫ్1 అనే ప్రోటీన్ల గుంపు కూర్చుంటుంది, ఆ గుంపు క్లోమంలో ఎసినార్ కణాల సొంతం. బీ మీద కూర్చునేది పీడీఎక్స్1, ఇది బీటా కణాల్లోనూ ఉంటుంది. విచిత్రమేమిటంటే బీ భాగం ఒక్కదాన్నే పదేపదే అతికించి చిట్టెలుకలో పెడితే అది బీటా కణాల్లో పనిచేసింది, అదే బీ మిగతావాటితో కలిసి ఉంటే ఎసినార్ కణాల్లో పనిచేస్తుంది. బ్యాంకు లాకరుకు మన తాళంచెవీ బ్యాంకు తాళంచెవీ రెండూ పడితేనే తెరుచుకుంటుంది కదా, అలాగ. ఏ ఒక్క ప్రోటీనూ తనంతట తానే “ఇది ఎసినార్ కణం” అని తేల్చలేదు, ఎవరెవరు కలిశారన్నదే లెక్క.

ప్రశ్న: చిట్టెలుకలోకి ఎలుక జన్యువు ఎందుకు? చిట్టెలుకకు సొంత ఎలాస్టేజ్ లేదా?

జవాబు: ఉంది, అందుకే. సొంతదాన్నే ఇంకో కాపీ ఎక్కిస్తే ఏది పాతది, ఏది కొత్తది అని తేల్చడం కష్టం. ఎలుకది చాలా దగ్గరగా ఉంటుంది గానీ అక్షరాల్లో కొన్ని తేడాలున్నాయి, ఆ తేడాలతోనే పట్టుకోవచ్చు.

ప్రశ్న: క్లోమమే లేని చిట్టెలుకల్ని పుట్టించారని ఎక్కడో విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే, రెండు రకాలుగా. 1987లో పామిటర్, బ్రిన్‌స్టర్ బృందం అదే ఎలాస్టేజ్ స్విచ్‌కు (అంటే ఎలాస్టేజ్ జన్యువు ముందున్న ఆ ముక్కకు) డిఫ్తీరియా విషాన్ని తయారుచేసే జన్యువును తగిలించింది. ఎసినార్ కణం కావాలని బయలుదేరిన ప్రతి కణమూ స్విచ్ ఆన్ అవగానే తన విషంతో తనే చచ్చిపోయింది. పుట్టిన పిల్లల్లో సరైన క్లోమం లేదు, కొన్నిట్లో చిన్న ముద్ద మాత్రం మిగిలింది, అందులో పుటికల్లాంటివీ నాళాల్లాంటివీ కణాలు కనిపించాయి. రెండోది 1994లో: పీడీఎక్స్1 జన్యువును తీసేస్తే క్లోమం ఏర్పడనే లేదు. రెండు సందర్భాల్లోనూ ఆ పిల్లలు పుట్టాక బతకలేదు.

ప్రశ్న: సరే, ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తుందో తెలిసింది. దీనికీ క్యాన్సర్‌కీ లింకేమిటి?

జవాబు: లింకు చాలా సూటిగా ఉంది. ఒక రకం కణంలోనే ఆన్ అయ్యే స్విచ్ చేతికొచ్చాక, దాని వెనక ఏ జన్యువైనా తగిలించొచ్చు కదా! క్యాన్సర్ తెచ్చే జన్యువును తగిలిస్తే? దాన్నే చేశారు.

శాస్త్రవేత్తలు వాడినవాటిలో ముఖ్యమైనది ఎస్వీ40 అనే కోతి వైరస్ నుంచి తీసిన టీ యాంటిజెన్. కణం హద్దు మీరి పెరగకుండా ఆపే రెండు ప్రోటీన్లు, అంటే పీ53నీ ఆర్బీనీ, ఇది పట్టుకుని పనిచెయ్యకుండా చేస్తుంది. డగ్లస్ హనహాన్ 1985లో దీన్ని ఇన్సులిన్ జన్యువు స్విచ్‌కు తగిలిస్తే చిట్టెలుకలకు బీటా కణాల గడ్డలొచ్చాయి. 1987లో అదే టీ యాంటిజెన్‌ను ఎలాస్టేజ్ స్విచ్‌కు తగిలిస్తే ఎసినార్ కణాల గడ్డలొచ్చాయి. క్యాన్సర్ జన్యువు ఒకటే, అవయవం ఒకటే, వచ్చిన జబ్బులు మాత్రం రెండు. ఒకటి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైపోయి, రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం తీస్తే, రెండోది జీర్ణ గ్రంథి గడ్డగా పెరుగుతుంది.

ఇప్పుడు తిరగేసి చూడండి: స్విచ్ ఎలాస్టేజ్‌దే ఉంచి, వెనకున్న జన్యువును మార్చారు. మార్పు చెందిన రాస్ జన్యువు పెడితే పిల్లలు పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే, ఆ జన్యువు ఆన్ అయిన కొద్ది రోజుల్లోనే క్లోమం మొత్తం గడ్డలా మారిపోయింది. మిక్ అనే ఇంకో క్యాన్సర్ జన్యువు పెడితే అంత తొందర లేదు, రెండు నుంచి ఏడు నెలల వయసులో గడ్డలొచ్చాయి. వాటిలో దాదాపు సగం మాత్రమే అచ్చంగా ఎసినార్ గడ్డలు, మిగతా సగంలో నాళాల్లాంటి భాగాలు కూడా కలిసి ఉన్నాయి. స్విచ్ ఎసినార్ కణానిది, గడ్డలో నాళం ఆకారం! అంటే ఎసినార్ కణం తన రూపం మార్చుకోగలదని అర్థం. ఈ విషయం గుర్తుంచుకోండి, వచ్చే ప్రశ్నలో దీంతో పని ఉంది.

హనహాన్ చిట్టెలుకల గురించి ఒక్క మాట ఎక్కువ చెప్తాను. వాటి క్లోమంలో దాదాపు నాలుగు వందల పుటికలుంటే, అన్నిటి బీటా కణాల్లోనూ టీ యాంటిజెన్ ఉంది. అయినా అన్నీ గడ్డలు కాలేదు. సగం దాకా పుటికల్లో కణాలు ఎక్కువగా పెరిగాయి, అందులో కొన్నిటిలో కొత్త రక్తనాళాలు మొలిచాయి, చివరికి పూర్తి గడ్డలైనవి నూటికి రెండు నుంచి నాలుగు మాత్రమే. క్యాన్సర్ జన్యువు ఉంటే చాలదు, గడ్డకు రక్తం కూడా అందాలి అని జుడా ఫోక్‌మన్‌తో కలిసి 1989లో చూపించింది ఈ చిట్టెలుకల్లోనే. రక్తనాళాలు మొలవకుండా అడ్డుకునే సునిటినిబ్ అనే మందును వీటిలోనూ పరీక్షించారు, 2011లో మనుషుల్లో క్లోమపు న్యూరోఎండోక్రైన్ గడ్డలకు (అంటే బీటా కణాల్లాగా హార్మోన్లు చేసే కణాల గడ్డలకు) దానికి అనుమతి వచ్చింది. చిట్టెలుక ప్రయోగాలు డబ్బు దండగ అని రాసిన పాఠకులు ఇది ఒకసారి చూడాలి.

ప్రశ్న: మనుషుల్లో క్లోమ క్యాన్సర్ అంటే నాళాలకు వచ్చేదని డాక్టర్లు చెప్తారు, రిపోర్టులో కూడా “డక్టల్” అనే ఉంటుంది. మీరేమో ఎసినార్, బీటా అంటున్నారు. అసలు దేనిలోంచి వస్తుంది?

జవాబు: మంచి ప్రశ్న, దీని మీద శాస్త్రవేత్తలే ఏళ్లతరబడి కొట్టుకున్నారు. మనుషుల క్లోమ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం డక్టల్ ఎడినోకార్సినోమా. మైక్రోస్కోపు కింద గడ్డలో నాళాల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు పెట్టారు. కానీ కనిపించిన ఆకారాన్ని బట్టి పుట్టుక చెప్పలేం, అక్కడే తిరకాసు.

ఈ క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా కేరాస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. 2003లో సునీల్ హింగోరానీ, డేవిడ్ టువెసన్ బృందం చిట్టెలుకలో క్లోమం కణాల్లో మాత్రమే కేరాస్‌ను మనుషుల్లో ఉన్నట్టే మార్చింది, దానికి వాడింది పైన చెప్పిన పీడీఎక్స్1, పీటీఎఫ్1ఏ (పీటీఎఫ్1 గుంపులో ముఖ్యమైన ప్రోటీన్) జన్యువుల స్విచ్‌లనే. అచ్చం మనుషుల్లో కనిపించే తొలిదశ మచ్చలే వచ్చాయి. 2005లో పీ53 మార్పు కూడా కలిపితే పూర్తి క్యాన్సర్ వచ్చి, కాలేయానికీ ఊపిరితిత్తులకూ పాకింది. ఇప్పటికీ ప్రపంచమంతటా ల్యాబుల్లో వాడేది ఎక్కువగా ఈ చిట్టెలుకనే.

కానీ అందులో ఆ మార్పు పిండం దశలోనే, అన్ని రకాల క్లోమ కణాలకూ మూలమైన కణాల్లో జరిగింది, కాబట్టి ఏ కణం దోషి అన్నది తేలలేదు. మరియానో బార్బసిడ్ బృందం 2007లో ఎదిగిన చిట్టెలుకల ఎసినార్ కణాల్లో మాత్రమే కేరాస్‌ను మార్చి చూసింది. ఏమీ కాలేదు! క్యాన్సర్ జన్యువు ఆన్‌లో ఉంది, కణం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. అదే చిట్టెలుకలకు సెరులీన్ అనే పదార్థం ఇచ్చి క్లోమంలో కొన్నాళ్లపాటు వాపు తెప్పిస్తే అప్పుడు క్యాన్సర్ వచ్చింది. క్లోమం వాచినప్పుడు ఎసినార్ కణాలు దెబ్బ తట్టుకోవడానికి ఎంజైముల తయారీ తగ్గించేసి, కాసేపు నాళం కణాల్లాగా మారిపోతాయి. మామూలుగా వాపు తగ్గాక మళ్లీ పాత రూపానికి వచ్చేస్తాయి. కేరాస్ మార్పు ఉన్న కణం మాత్రం వెనక్కి రాలేక అక్కడే ఇరుక్కుపోతుంది, ఆ ఇరుక్కున్నవే తొలిదశ మచ్చలవుతాయి.

2012లో ఇంకో బృందం ఎసినార్ కణాల్నీ నాళం కణాల్నీ విడివిడిగా పోల్చి చూస్తే, కేరాస్ మార్పు ఒక్కటే ఉన్నప్పుడు ఎసినార్ కణాలే సులువుగా మచ్చలయ్యాయి, నాళం కణాలు పెద్దగా లొంగలేదు. అలాగని నాళాలు పూర్తిగా నిర్దోషులు అనుకోకండి, పీ53 కూడా పోతే వాటిలోంచీ క్యాన్సర్ వస్తుంది. కాబట్టి “డక్టల్” అన్న పేరు గడ్డ రూపం గురించే చెప్తుంది, అది ఎక్కడ మొదలైందన్నది కాదు. ఏ జన్యువు చెడిందని అడిగినప్పుడల్లా ఏ కణంలో చెడింది, ఆ కణం అప్పుడు ఏ స్థితిలో ఉంది అని కూడా అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ప్రశ్న: మా నాన్నగారు క్లోమ క్యాన్సర్‌తో పోయారు. అప్పట్నుంచి కడుపులో కాస్త నొప్పి వచ్చినా టెన్షన్‌గా ఉంటోంది. నాకూ వస్తుందా?

జవాబు: ముందుగా, నాన్నగారి విషయం విని బాధ కలిగిందండీ. ఈ క్యాన్సర్లలో కుటుంబంలో నడిచేవి పదిలో ఒకటి మించి ఉండవు. పైన చెప్పిన కేరాస్ మార్పు తండ్రి నుంచి బిడ్డకు వచ్చేది కాదు, బతుకులో మధ్యలో ఎప్పుడో ఒక కణంలో జరిగేది. అయితే బీఆర్‌సీఏ2 లాంటి కొన్ని జన్యువుల్లో లోపాలు వంశపారంపర్యంగా వస్తాయి. మీ కుటుంబంలో ఇంకెవరికైనా క్లోమ, రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చి ఉంటే క్యాన్సర్ డాక్టరుకు ఆ వివరాలన్నీ చెప్పి, జన్యు పరీక్ష అవసరమా అని అడగండి. మీ చేతుల్లో ఉన్నదాంట్లో పెద్దది పొగతాగడం మానడం, పొగతాగేవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు. కారణం తెలియకుండా బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం, పెద్ద వయసులో హఠాత్తుగా షుగర్ రావడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దు. రోజూ నొప్పి కోసం వెతుక్కోకండి.

ప్రశ్న: చిట్టెలుకల్లో క్యాన్సర్ నయమైందని నెలకోసారి వార్త చదువుతాను. మనుషుల దగ్గరికొచ్చేసరికి చప్పుడు ఉండదు. ఎవర్ని మోసం చెయ్యడానికండీ ఇదంతా?

జవాబు: మోసం కాదు గానీ మీ చిరాకు నాకు అర్థమైంది. ఉదాహరణ చెప్తాను. క్లోమ క్యాన్సర్ గడ్డ చుట్టూ గట్టి పీచులాంటి కణజాలం మందంగా పేరుకుంటుంది. దాని వల్లే మందు లోపలికి వెళ్లడం లేదని, దాన్ని కరిగించే మందును 2009లో టువెసన్ బృందం పైన చెప్పిన చిట్టెలుకల మీద వాడితే కీమో మందు గడ్డలోకి బాగా వెళ్లింది, చిట్టెలుకలు ఎక్కువ రోజులు బతికాయి. అందరికీ ఆశ పుట్టింది. మనుషుల మీద పరీక్ష పెడితే, ఆ మందు తీసుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారు, 2012 జనవరిలో ఆపేశారు. ఆ తర్వాత 2014లో మళ్లీ చిట్టెలుకల్లోనే తేలిందేమిటంటే, ఆ పీచు కణజాలం గడ్డను కొంత అదుపులో పెడుతోంది కూడా, తీసేస్తే గడ్డ ఇంకా మొండిగా తయారవుతోంది.

ఇంకో తేడా మీకు నచ్చుతుంది. ఈ కథంతా మొదలైన ఎలాస్టేజ్1 జన్యువుంది చూశారూ, అది మనుషుల క్లోమంలో పనే చెయ్యదు. జన్యువు మనలోనూ ఉంది, కానీ దాని ముందున్న స్విచ్‌లో పరిణామక్రమంలో మార్పులు వచ్చి మూగబోయింది, మన ఎసినార్ కణాలు వేరే ఎలాస్టేజ్‌లతో పని నడిపిస్తాయి. 1997లో మెక్‌డొనాల్డ్ ల్యాబు వాళ్లే ఇది చూపించారు. చిట్టెలుకకూ మనకూ నియమాలు ఒకటే, వివరాలు ఒకటి కావు. వార్త రాసేవాళ్లు రెండో సగం వదిలేస్తారు, అదీ గొడవ.

ప్రశ్న: కణం తన గుర్తింపు పోగొట్టుకుంటేనే క్యాన్సర్ వస్తుందంటే, ఆ గుర్తింపు తిరిగి ఇచ్చేస్తే తగ్గిపోవాలి కదా? ఎవరూ ప్రయత్నించలేదా?

జవాబు: ప్రయత్నించారు. ఎసినార్ కణాన్ని ఎసినార్ కణంగా నిలబెట్టేది ముఖ్యంగా పీటీఎఫ్1ఏ. చార్లెస్ మర్టాగ్ బృందం 2015లో దాన్ని తీసేసి చూస్తే, కేరాస్ మార్పు ఉన్న చిట్టెలుకల్లో మచ్చలు చాలా త్వరగా, చాలా ఎక్కువగా వచ్చాయి. వాపు తెప్పించాల్సిన పని కూడా లేకపోయింది. 2019లో అదే బృందం తలకిందులుగా చేసింది: మచ్చలు వచ్చాక పీటీఎఫ్1ఏను మళ్లీ ఆన్ చేస్తే, కేరాస్ ఇంకా మార్పుతోనే ఉన్నా, ఆ కణాలు చాలావరకు ఎసినార్ రూపానికి తిరిగొచ్చాయి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ చిట్టెలుకల్లో పీటీఎఫ్1ఏను ఆన్ చేసే ఏర్పాటు పుట్టుకతోనే డీఎన్ఏలో పెట్టి ఉంచారు, మందిస్తే ఆన్ అవుతుంది. మనిషి క్లోమంలోకి, అదీ ఒక్కో మచ్చలోకి, ఆ జన్యువును పంపే దారి లేదు. అందుకే మందుల కంపెనీలు ఇంకో చివర నుంచి, అంటే కేరాస్ నుంచే నరుక్కొస్తున్నాయి. కేరాస్‌ను నేరుగా పట్టుకునే తొలి మందు సోటోరసిబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, అయితే అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు. అది పట్టుకునే జీ12సీ అనే మార్పు క్లోమ క్యాన్సర్లలో నూటికి ఒకరిద్దరిలోనే ఉంటుంది, ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది జీ12డీ. దాన్ని పట్టుకునే మందుల మీద మనుషుల్లో పరీక్షలు నడుస్తున్నాయి.